ఎనిమిది మంది బిడ్డల తల్లి, ఒక హాస్టల్ మేట్రన్: సోఫియా ఫౌలర్ గాలడెట్ జీవితం



మన వార్షికోత్సవ సంచికలో ఏటా ఒక మహనీయుల జీవితం వేయడం ఆనవాయితీ. అంబేద్కర్ గారి గురించి, ఫూలే దంపతుల గురించి, జాషువా గారి గురించి నాకంటే బాగా రాసేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. ఈసారి నన్ను రాయమన్నప్పుడు మీలో ఎక్కువమంది పేరు కూడా విని ఉండని ఒకావిడను ఎంచుకున్నాను. బధిరుల చరిత్ర చదివినవాళ్లకు మాత్రం ఆమె బాగా తెలిసిన మనిషి. పుట్టుకతోనే చెవుడు. పంతొమ్మిదేళ్లు వచ్చేదాకా బడి ముఖం చూడలేదు. పెళ్లయ్యాక ఎనిమిది మంది బిడ్డలను కన్నది. ఆ ఎనిమిది మందికీ చెవులు చక్కగా వినపడేవి. అయినా వాళ్లందరికీ చేతులతో మాట్లాడటం ఒడిలోనే నేర్పింది. అరవైకి దగ్గర పడ్డాక ఒక వసతి పాఠశాలకు మేట్రన్ అయింది. మేట్రన్ అన్నాను కాబట్టి ఆమె మనకు పరాయి మనిషేమీ కాదు.

ఆమెను ఎంచుకోవడానికి ఇంకో కారణం ఉంది. అది ముందు చెప్పేస్తాను.

నేను హాస్టల్లో ఉన్నప్పుడు నాకంటే చిన్న తరగతిలో ఒక కుర్రాడు ఉండేవాడు. పేరు రాయను. వాళ్ల అమ్మానాన్నలిద్దరూ మూగవాళ్లు, చెవిటివాళ్లు. నాన్న మంగళగిరిలో కూలికి మగ్గం నేసేవాడు, అమ్మ కండెలు చుట్టేది. పిల్లవాడికి చెవులు బాగానే వినపడేవి. వాడికి ఏడాదిన్నర వయసులో ఇంట్లో పెద్దవాళ్లకు భయం పట్టుకుంది. రోజంతా ఆ సైగలే చూస్తుంటే పిల్లాడికి మాటలు రావని, వాడూ మూగవాడైపోతాడని. తల్లి దగ్గరనుంచి తీసి తెనాలి వైపు ఉన్న మేనత్త ఇంట్లో పెట్టారు. మాటలైతే బాగా వచ్చాయి. మూడో తరగతిలో మన హాస్టల్లో చేరేనాటికి వాడంత వాగుడుకాయ ఇంకొకడు లేడు. సైగలు మాత్రం ఒక్కటీ రావు. ఆదివారం పూట వాళ్లమ్మ వచ్చేది. గేటు లోపల వేపచెట్టు కింద కూర్చుని జంతికల డబ్బా మూత తీసి, వాడి చెంపలు నిమిరి, చేతులతో ఏదో అడిగేది. వాడు తల దించుకుని కూర్చునేవాడు. ఏం అడుగుతున్నదో వాడికి తెలియదు. మేమందరం చూస్తున్నామని సిగ్గు కూడా. ఆమె వెళ్లాక ఆమె చేతులు తిప్పినట్టు తిప్పి వాడిని ఏడిపించినవాళ్లలో నేనూ ఉన్నాను.

చాలా ఏళ్ల తర్వాత సోఫియా కథ చదువుతున్నప్పుడు నాకు ఆ వేపచెట్టు గుర్తుకు వచ్చింది.

సోఫియా ఫౌలర్ 1798 మార్చి 20న అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో గిల్‌ఫర్డ్ అనే ఊళ్లో పుట్టింది. వాళ్లది వ్యవసాయ కుటుంబం. ఆమె అక్కచెల్లెళ్లలో పార్నెల్ అనే అమ్మాయికి కూడా పుట్టు చెవుడే. ఆ రోజుల్లో అమెరికా మొత్తం మీద చెవిటి పిల్లలకు శాశ్వతంగా నిలిచిన బడి ఒక్కటీ లేదు. అందుకని ఆ ఇద్దరు అమ్మాయిలూ ఇంటి పనులు చేసుకుంటూ, ఇంట్లోవాళ్లతో తమకు తాము కల్పించుకున్న సైగలతో నెట్టుకొచ్చారు. ఆకలికి ఒక సైగ, ఆవుకు ఒక సైగ, ఫలానా మనిషికి ఒక సైగ. ఇలాంటివి మన ఊళ్లలో చెవిటివాళ్లు ఉన్న ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. ఇంటి గడప దాటితే మాత్రం అవి ఎవరికీ అర్థం కావు.

ఇక్కడ ఆమె భర్త కథ కొంచెం చెప్పాలి. థామస్ హాప్కిన్స్ గాలడెట్ హార్ట్‌ఫర్డ్ పట్టణంలో మతబోధకుడు కావడానికి చదువుకున్న యువకుడు. 1814లో పక్కింటి డాక్టరు గారి చిన్న కూతురు ఏలిస్ కాగ్స్‌వెల్ తోటి పిల్లలతో ఆడలేక విడిగా ఉండటం చూశాడు. రెండేళ్ల వయసులో జ్వరం వచ్చి ఆ పిల్లకు వినికిడి పోయింది, తర్వాత మాటా పోయింది. ఆ తండ్రి, ఊళ్లోని ఇంకొందరు పెద్దలు చందాలు వేసుకుని, చెవిటివాళ్లకు చదువు చెప్పే పద్ధతి నేర్చుకు రమ్మని గాలడెట్‌ను 1815లో యూరప్‌కు పంపించారు. ఇంగ్లండు, స్కాట్లండుల్లో ఆ విద్య ఒక కుటుంబం చేతిలో ఉంది. వాళ్లు దాన్ని వ్యాపార రహస్యంలా దాచుకుని, ఇతరులకు చెప్పకూడదన్న షరతులు పెట్టారు. ఆయన విసిగి పారిస్ వెళ్లాడు. అక్కడి బధిర పాఠశాలలో అందరి ముందూ సైగలతో పాఠం చెబుతారు, దాపరికం లేదు. ఆ బడిలో చదివి అక్కడే ఉపాధ్యాయుడైన లోరాఁ క్లెర్ అనే బధిరుణ్ణి వెంటబెట్టుకుని 1816లో ఓడెక్కాడు. 52 రోజుల ప్రయాణం. ఆ ఓడలో క్లెర్ ఆయనకు సైగలు నేర్పితే, ఆయన క్లెర్‌కు ఇంగ్లీషు నేర్పాడు.

1817 ఏప్రిల్ 15న హార్ట్‌ఫర్డ్‌లో బడి తెరిచారు. ఆ ఏడాదే సోఫియా, పార్నెల్ ఆ బడిలో చేరారు. సోఫియాకు అప్పుడు 19 ఏళ్లు. ఆ వయసులో అ ఆలు దిద్దడానికి కూర్చోవాలంటే ఎంత నామోషీగా ఉంటుందో రాత్రి బడికి వెళ్లిన మన పెద్దవాళ్లను అడిగితే చెబుతారు. ఆ బడి కూడా మనలాంటి వసతి బడే. దూరాలనుంచి వచ్చిన పిల్లలు ఒకేచోట తిని, పడుకుని, చదివేవారు. క్లెర్ తెచ్చిన ఫ్రెంచి సైగలు, పిల్లలు ఇళ్లనుంచి తెచ్చిన సైగలు ఒకే కప్పు కింద కలిశాయి. ఇప్పుడు అమెరికన్ సంజ్ఞా భాష అంటున్నది అలా పుట్టిందే. ఒక భాష ఒక హాస్టల్లో పుట్టిందని నేను అంటే అతిశయోక్తి అనుకోకండి, చాలావరకు జరిగింది అదే.

1821లో గాలడెట్, సోఫియా పెళ్లి చేసుకున్నారు. ఆమెకు 23 ఏళ్లు, ఆయనకు 33. ఆయన బడికి పెద్ద, ఆమె ఆయన విద్యార్థిని. ఈ రోజుల్లో అయితే గురువు శిష్యురాలిని పెళ్లాడటం మనం ఒప్పుకోము, ఆ సంగతి దాచి రాయడం నాకిష్టం లేదు. కానీ చదువుకున్న, వినగలిగిన ఒక పెద్దమనిషి బధిర స్త్రీని భార్యగా చేసుకోవడం ఆ సమాజంలో చిన్న విషయం కాదు. క్లెర్ అంతకు రెండేళ్ల ముందే ఎలైజా బోర్డ్‌మన్ అనే బధిర విద్యార్థినిని పెళ్లి చేసుకున్నాడు. వాళ్ల పిల్లలూ వినగలిగినవాళ్లే. ఎలైజా తన పసిపాపతో కూర్చుని ఉన్న ఒక తైలవర్ణ చిత్రం 1822 నాటిది ఇప్పటికీ ఉంది. చార్లెస్ విల్సన్ పీల్ అనే పేరున్న చిత్రకారుడు వేశాడు. అందులో తల్లి వేళ్లు ఇంగ్లీషు అక్షరం ఇ గుర్తును పట్టుకుని ఉంటాయి. ఒడిలో బిడ్డ, చేతిలో అక్షరం.

సోఫియా మొదటి బిడ్డ థామస్ 1822లో పుట్టాడు. చివరివాడు ఎడ్వర్డ్ మైనర్ 1837 ఫిబ్రవరి 5న పుట్టాడు. ఈ మధ్యలో మరో ఆరుగురు.

చెవులు వినపడని తల్లి ఎనిమిది మందిని ఎలా పెంచింది? రాత్రి పూట బిడ్డ ఏడిస్తే ఎలా తెలుస్తుంది? మనకు వచ్చే మొదటి సందేహం ఇదే. మా బజారులోని ఆ తల్లి బిడ్డను ఒంటికి ఆనించుకుని పడుకునేదట, వాడు ఏడుపు మొదలుపెట్టకముందే కాళ్లు ఆడించడంతో మెలకువ వచ్చేదట. వినపడే మనమే నిద్రలో కూడుకుపోతాం.

బధిర తల్లులు పసిబిడ్డతో మాట్లాడే తీరును తర్వాతి కాలంలో పరిశోధకులు దగ్గరుండి గమనించారు. వినే తల్లి వంటింట్లోంచి కేకవేసి మాట్లాడగలదు. సైగ చేసే తల్లికి ఆ వీలు లేదు. బిడ్డ తనవైపు చూసేదాకా ఆగాలి. చూడకపోతే మెల్లగా తడుతుంది, లేదా బిడ్డ చూస్తున్న బొమ్మ దగ్గరకే తన చెయ్యి తీసుకెళ్లి అక్కడ సైగ చేస్తుంది. ఒక్కోసారి బిడ్డ ఒంటిమీదే చేస్తుంది. పెద్దవాళ్లతో చేసేదానికంటే నెమ్మదిగా, పెద్దగా, మళ్లీ మళ్లీ చేస్తుంది. ముఖం కూడా మాట్లాడుతుంది. కొన్నాళ్లకు, మామూలు పిల్లలు బాబా, తాతా అని ఊరికే అరిచినట్టే, ఈ పిల్లలు వేళ్లు ఊరికే ఆడిస్తారు. అర్థం లేని ఆ ఆటలోనుంచి ఒకరోజు మొదటి సైగ వస్తుంది. పాలు కావాలనో, ఇంకా పెట్టమనో. నాలుక తిరగడం కష్టం, చెయ్యి తిరగడం కొంత తేలిక. అందుకని చాలామంది పిల్లల్లో మొదటి సైగ మొదటి మాటకంటే కాస్త ముందే కనిపిస్తుందని గమనించారు.

నిజానికి ఇది మనకూ కొత్త కాదు. మన ఇళ్లలో ఏడాది నిండని పిల్లలకు జేజకు చేతులు జోడించడం, చప్పట్లు కొట్టడం, చెయ్యి ఊపి టాటా చెప్పడం, గుప్పిట విప్పి అయిపోయిందని చూపించడం ఎవరు నేర్పుతారు? నానమ్మలే. అమ్మ అని పలకని బిడ్డ చందమామను వేలితో చూపిస్తుంది. అదంతా సైగే. అయితే మనం అక్కడితో ఆపేస్తాం, సోఫియా ఆపలేదు. ఆమె పిల్లలకు అది పూర్తి భాష అయింది. తండ్రితో, ఇరుగుపొరుగుతో ఇంగ్లీషు, తల్లితో సైగలు. రెండూ వచ్చాయి, ఒకటి ఇంకొకదాన్ని మింగలేదు. మంగళగిరిలో ఆ పెద్దవాళ్లు భయపడ్డది జరగదని ఈ ఒక్క కుటుంబమే ఎనిమిది సార్లు చూపించింది. చుట్టూ మాట్లాడే మనుషులు ఉంటే చాలు, బిడ్డకు మాట వస్తుంది.

ఒక్క ఇల్లే కాదు, ఊరికి ఊరే అలా ఉన్న చోటు కూడా ఉంది. అదే దేశంలో మార్తాస్ వినియార్డ్ అనే దీవిలో వంశపారంపర్యంగా చెవుడు ఎక్కువ. అందుకని అక్కడి చిల్‌మార్క్ వంటి పల్లెల్లో వినేవాళ్లు కూడా చిన్నప్పటినుంచే సైగలు నేర్చుకునేవారు. దుకాణంలో, చేపల పడవల్లో, చర్చిలో చెవిటివాళ్లు విడిగా కనిపించేవారే కాదు. ఆ దీవి పిల్లలు కూడా హార్ట్‌ఫర్డ్ బడికే వచ్చారు.

గాలడెట్ 1830లో బడి పెద్దరికం వదిలేశాడు. తర్వాత పిల్లల పుస్తకాలు రాశాడు. 1851లో చనిపోయాడు. సోఫియాకు అప్పుడు 53 ఏళ్లు, చిన్న కొడుకు ఎడ్వర్డ్‌కు 14. అతను కొన్నాళ్లు బ్యాంకులో పనిచేసి, ఆపైన చదువుకుంటూనే తండ్రి పెట్టిన బడిలో పాఠాలు చెప్పాడు. చెవిటి పిల్లలతో మాట్లాడటానికి అతను శిక్షణ తీసుకోనక్కర్లేదు కదా.

ఇక వాషింగ్టన్ సంగతి. అక్కడ ఏమస్ కెండాల్ అనే పలుకుబడి గల పెద్దమనిషి ఉండేవాడు, ఒకప్పుడు అమెరికా పోస్ట్‌మాస్టర్ జనరల్. ఒకడు చెవిటి, గుడ్డి పిల్లలను చూపించి ఊళ్లో విరాళాలు వసూలు చేస్తూ, ఆ పిల్లలను సరిగా చూడటం లేదని కెండాల్‌కు తెలిసింది. కోర్టుకు వెళ్లి ఐదుగురు పిల్లలకు తానే సంరక్షకుడయ్యాడు. తన స్థలంలో రెండెకరాలు, ఒక ఇల్లు ఇచ్చాడు. 1857 ఫిబ్రవరిలో కాంగ్రెస్ చట్టం చేసి ఆ బడికి గుర్తింపు ఇచ్చింది. సూపరింటెండెంట్‌గా ఎడ్వర్డ్‌ను పిలిచారు. వయసు 20. మన డిగ్రీ విద్యార్థుల వయసు. అంత చిన్నవాడి చేతిలో పిల్లలను ఎలా పెట్టడం? తల్లిని మేట్రన్‌గా వెంట తీసుకురావడంతో ఆ చిక్కు విడిపోయింది. నా ఉద్దేశంలో ఆ ఉద్యోగం ఎడ్వర్డ్‌ది ఎంతో, సోఫియాది కూడా అంతే. చరిత్ర పుస్తకాలు మాత్రం అతని పేరు పెద్ద అక్షరాల్లో రాశాయి.

మేట్రన్ పని ఏమిటో మీకు చెప్పాల్సిన పని లేదు. తిండి, పక్కలు, బట్టలు, జ్వరాలు, బెంగలు. 59 ఏళ్ల వయసులో ఆమె దాన్ని నెత్తికెత్తుకుంది. ఇల్లు వదిలి వచ్చిన చెవిటి పిల్ల మొదటి రాత్రి ఎలా ఉంటుందో ఊహించండి. మనం మొదటి రోజు రేకుపెట్టె మీద కూర్చుని ఏడ్చినప్పుడు, వంట చేసే అమ్మ వచ్చి ఏరా ఏ ఊరు అని అడిగితే సగం దుఃఖం తీరింది. ఆ పిల్లలకు అలా అడిగే మనిషి అంతకుముందు దొరికి ఉండదు. ఇక్కడ మేట్రనే వాళ్లలాంటిది, వాళ్ల భాషే మాట్లాడుతుంది. చెవుడు ఉన్నా పెళ్లి, పిల్లలు, గౌరవం, ఉద్యోగం ఉంటాయని వాళ్లు రోజూ కళ్లతో చూశారు.

ఆమె వంటింటికే పరిమితం కాలేదు. బడికి డబ్బు కావాలంటే కాంగ్రెస్ సభ్యులను ఒప్పించాలి. కొడుకుతో కలిసి వాళ్లను కలిసేది, బడికి వచ్చిన పెద్దలను ఆదరించేది. తల్లి చేతులు కదుపుతుంటే కొడుకు గొంతుతో చెప్పేవాడు. చదువు ఇస్తే ఒక బధిర స్త్రీ ఏమవుతుందో ఆ సభ్యులకు వేరే లెక్కలు చూపించాల్సిన అవసరం లేకపోయింది. అంతర్యుద్ధం నడుస్తుండగానే 1864 ఏప్రిల్ 8న ఈ సంస్థ డిగ్రీలు ఇవ్వవచ్చునన్న చట్టం మీద అధ్యక్షుడు అబ్రహాం లింకన్ సంతకం చేశాడు. బధిరుల కోసం ప్రపంచంలో మొదటి కళాశాల అది. 1866 దాకా ఆమె మేట్రన్‌గా ఉండి విరమించింది. 1877 మే 13న, 79 ఏళ్ల వయసులో కన్నుమూసింది.

ఆమె పోయిన మూడేళ్లకు పెద్ద దెబ్బ తగిలింది. 1880లో ఇటలీలోని మిలాన్‌లో బధిర విద్య మీద అంతర్జాతీయ మహాసభ జరిగింది. హాజరైనవాళ్లు 160 మందికి పైనే, అందులో బధిరుడు ఒకే ఒక్కడు. పిల్లలకు నోటితో మాట్లాడటమే నేర్పాలి, సైగలు బడులనుంచి తీసేయాలి అని తీర్మానించారు. వ్యతిరేకించిన కొద్దిమందిలో ఇద్దరు సోఫియా కొడుకులు. పెద్దవాడు థామస్, అప్పటికి న్యూయార్క్‌లో బధిరుల కోసం చర్చి పెట్టిన మతగురువు. చిన్నవాడు ఎడ్వర్డ్. ఆ సభలో సైగల వల్ల బిడ్డ చెడిపోతాడని ఉపన్యాసాలు ఇస్తుంటే, సైగలతోనే పెరిగిన ఆ ఇద్దరికీ ఎలా ఉండి ఉంటుంది?

ఓడిపోయారు. దాదాపు వందేళ్లు ప్రపంచంలో చాలా బడుల్లో సైగ చేసిన పిల్లలను దండించారు, బధిర ఉపాధ్యాయుల ఉద్యోగాలు పోయాయి. టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహంబెల్ కూడా సైగలకు వ్యతిరేకే. చిత్రమేమిటంటే ఆయన తల్లికీ వినికిడి సరిగా లేదు, చిన్నప్పుడు వేళ్లతో అక్షరాలు పట్టి ఆమెతో మాట్లాడినవాడే. భార్యా బధిరురాలే. ఇద్దరూ చెవిటి తల్లుల కొడుకులే. బెల్ ఒక దారి పట్టాడు, ఎడ్వర్డ్ ఇంకో దారి. ఎడ్వర్డ్ 1910 దాకా ఆ కళాశాల అధ్యక్షుడుగా ఉండి, దానిలో సైగలు నిలబెట్టాడు. 1894లో ఆ కళాశాలకు అతని తండ్రి పేరు పెట్టారు. ఇప్పుడది గాలడెట్ విశ్వవిద్యాలయం. 1960లో అక్కడి ఉపాధ్యాయుడు విలియం స్టోకీ, సైగలు ఊరికే చేతులు ఊపడం కాదని, వాటికి నిర్మాణం ఉందని చూపించాడు. 1988లో విద్యార్థులు ఉద్యమించి మొదటిసారి బధిరుణ్ణే అధ్యక్షుడుగా సాధించుకున్నారు. మిలాన్ తీర్మానాలకు 2010లో వాంకూవర్ మహాసభ విచారం తెలిపింది. ఆ ప్రాంగణంలో అమ్మాయిల హాస్టల్‌గా కట్టిన భవనానికి సోఫియా పుట్టింటి పేరు పెట్టారు, ఫౌలర్ హాల్ అని.

ఇంకో తమాషా. ఇప్పుడు అమెరికాలో చెవులు వినపడే అమ్మానాన్నలు, చెవులు వినపడే పసిపిల్లలకు సైగలు నేర్పుతున్నారు. 1980లలో మొదలైన ఈ అలవాటు, 1990లలో పుస్తకాలు వచ్చాక బాగా పాకింది. పిల్లాడు తెలివైనవాడవుతాడని చెప్పి అమ్మేవాళ్లూ ఉన్నారు. 2013లో ఇంగ్లండులో 40 మంది పసిపిల్లల మీద చేసిన పరిశీలనలో సైగలు నేర్చిన పిల్లలు మాటల్లో ముందుకూ పోలేదు, వెనక్కీ పోలేదు. తల్లులు మాత్రం బిడ్డ ఏమంటున్నదో ఎక్కువగా గమనించారట. అది చాలదా? నాకు బాధ కలిగించేది వేరే. వినే పిల్లలకు సరదాగా నేర్పుతున్న ఈ భాషను, అవసరమైన చెవిటి పిల్లలకు మాత్రం మాటలు రావన్న భయంతో ఇప్పటికీ చాలా ఇళ్లలో నేర్పరు. మన దేశంలో 2015లో భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం ఢిల్లీలో వచ్చింది. దాని నిఘంటువులో 10,000 పదాలున్నాయి, ఫోనులోనే చూసుకోవచ్చు. వికలాంగుల హక్కుల చట్టం 2016లో సంజ్ఞా భాష ప్రస్తావన ఉంది. మనం ఇంకా చెవిటివాడి ముందు శంఖం ఊదడం అనే సామెత దగ్గరే ఉన్నాం. ఊదినవాడిది తప్పా, వినపడనివాడిది తప్పా అని ఎవరూ అడగరు.

మొన్న సంక్రాంతికి మంగళగిరి వెళ్లినప్పుడు ఆ కుర్రాణ్ణి కలిశాను. కుర్రాడు కాదు, ఇప్పుడు ఒక బిడ్డ తండ్రి. నేను చిన్నప్పటి సంగతి ఎత్తి క్షమించమన్నాను, వాడు నవ్వి ఊరుకున్నాడు. తండ్రి పోయాడు, తల్లి వాడి దగ్గరే ఉంది. ఏడాది దాటిన వాడి కూతురు రోజంతా నానమ్మ ఒళ్లోనే. నేను కూర్చుని ఉండగా ఆ పిల్ల బొటనవేలు పెదవి దగ్గర పెట్టి, నానమ్మ వైపు చూసి, రెండుసార్లు ఆడించింది. ఆవిడ లేచి పాలు వేడి చేయడానికి వెళ్లింది. తర్వాత పిల్ల ఇంకేదో చేసింది, రెండు అరచేతులూ ఒకదాని మీద ఒకటి వేసి తిప్పింది. అదేమిటని వాణ్ణి అడిగాను. తనకూ తెలియదని, కండె చుట్టడమేమో అమ్మను అడగాలని చెప్పి, వాడు తల్లి ముందు కూర్చుని ఆ సైగ తప్పులతో చేసి చూపించాడు. ఆవిడ వాడి చేతులు పట్టుకుని సరిచేసింది.